క్రూ చేంజ్ మెయిల్ రాని నెలలు

నా ఉద్యోగం ఏమిటో నల్లగొండలో ఎవరికీ వివరంగా చెప్పను. "సముద్రంలో బోర్లు వేసే కంపెనీలో కరెంటు పని" అంటే సరిపోతుంది. ఇంటి ముందుకు బోరు బండి రాని రైతు మా జిల్లాలో అరుదు. బత్తాయి తోటను బతికించుకోవాలని వెయ్యి అడుగులు దింపి, దుమ్ము తప్ప మరేమీ పడక అప్పుల్లో మునిగినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. అందుకే నేను ఈ పనిలో చేరిన కొత్తలో మా పెద్దనాన్న అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "మీ బోర్లు ఎండిపోతే నీ గతి ఏమిటిరా?" ఎండిపోతేనే పని పోతుందని నేనూ అనుకునేవాణ్ని. కింద నిండుగా ఉన్నా, ఇక తవ్వొద్దని ఎవరో ఎక్కడో అంటే చాలు పని పోతుందని 2024లో తెలిసింది.

నేను రిగ్ ఎలక్ట్రీషియన్‌ని. రిగ్గు అంటే చమురు బావులు తవ్వే యంత్రం. పాలిటెక్నిక్ డిప్లొమా అయ్యాక హుజూర్‌నగర్ వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పనిలో చేరాను. తర్వాత రాజమండ్రి దగ్గర నేల మీద తవ్వే రిగ్గు, ఆ తర్వాత ముంబై తీరంలో జాకప్ రిగ్గు, 2017 నుంచి సౌదీ జలాల్లో మరో జాకప్. జాకప్ అంటే మూడు కాళ్ల రిగ్గు. టగ్గు పడవలు దాన్ని బావి దగ్గరికి లాక్కెళ్లి ఆపుతాయి. అక్కడ అది కాళ్లను సముద్రం అడుగుకు దించి, వాటి మీద తన ఒంటిని నీళ్లకు పైకి ఎత్తుకుంటుంది. వంద మందికి పైగా మనుషులు, జనరేటర్లు, వంటగది, హెలికాప్టర్ దిగే చోటు అన్నీ ఆ కాళ్ల మీదే. 28 రోజులు అక్కడ, 28 రోజులు ఇంట్లో. అక్కడ ఉన్నన్నాళ్లూ రోజుకు పన్నెండు గంటల డ్యూటీ. ఇంట్లో ఉన్న నెలకు కూడా జీతం వచ్చే ఒప్పందం నాది.

ఆ లెక్కకు మా ఇల్లు ఎప్పుడో అలవాటు పడింది. పిల్లల పుట్టినరోజులు నేను ఉన్న నెలలోకి జరిగేవి. తోటకు మందు కొట్టించడం, బ్యాంకు పనులు, డాక్టరు దగ్గరికి అమ్మను తీసుకెళ్లడం నా నెలలో. చిట్టీ, బడి, మిగతా సంసారమంతా మా ఆవిడ నెలలో. సెలవు ముగియడానికి ఒక వారం ముందు కంపెనీ నుంచి మెయిల్ వచ్చేది. క్రూ చేంజ్ (సిబ్బంది మారే) తేదీ, సౌదీలోని దమ్మామ్‌కు టికెట్, హెలికాప్టర్ ఎక్కాల్సిన సమయం అందులో ఉండేవి. అది రాగానే ఇంట్లో పచ్చళ్ల సీసాలకు మూతలు బిగించే పని మొదలయ్యేది. ఆ మెయిల్ మా ఇంటి క్యాలెండర్‌ను నడుపుతోందని అది రావడం మానేశాకే గమనించాం.

2024 జనవరి 30న సౌదీ ప్రభుత్వం తన చమురు కంపెనీ అరామ్‌కోకు ఒక ఆదేశం ఇచ్చింది. రోజుకు గరిష్ఠంగా ఎంత చమురు తీయగలరో ఆ సామర్థ్యాన్ని 1 కోటి 20 లక్షల బ్యారెళ్ల దగ్గరే ఉంచండి, 1 కోటి 30 లక్షలకు పెంచే పని ఆపేయండి అని. రిగ్గు మెస్సులో టీవీ ముందు కూర్చుని ఈ వార్త చూసినప్పుడు సగం మందికి అది మాకు సంబంధించిన వార్తే అనిపించలేదు. అప్పటికి ఆ దేశం తీస్తున్నది రోజుకు సుమారు 90 లక్షల బ్యారెళ్లు. చేతిలో ఉన్న సామర్థ్యంలోనే పావు భాగం ఖాళీగా ఉంటే, ఇంకా పెంచుకోకపోతే మనకేమిటి అనుకున్నాం. మాకేమిటంటే, ఆ పెంచే పని కోసమే 2022లో జాకప్ రిగ్గులను పెద్దఎత్తున అద్దెకు తీసుకున్నారు. పెంచడం లేదంటే మేము అక్కర్లేదు.

మామూలుగా ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ ఒక అలవాటు ఉంటుంది. పొద్దున్నే బ్రెంట్ ధర, అంటే అంతర్జాతీయ ముడి చమురు ధర, చూసుకుంటారు. 2014 జూన్‌లో బ్యారెల్ 115 డాలర్లు ఉన్నది 2016 జనవరికి 30 కంటే కిందికి పడింది. అప్పుడు నేను ముంబైలో ఉన్నాను. జీతాల్లో కోత పెట్టారు, కొందరిని పంపేశారు, అందరికీ కారణం కళ్లెదుట కనబడింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ (ముందస్తు కొనుగోలు ఒప్పందాల) ధర సున్నా కంటే కిందికి, మైనస్ 37 డాలర్లకు పోయింది. ఆ రోజుల్లో విమానాలు లేక నెలల తరబడి రిగ్గు మీదే ఉండిపోయాను. ఇంటికి ఎప్పుడు పంపిస్తారన్నదే అప్పటి బెంగ. ఈసారి ధర 80 డాలర్ల దగ్గర హాయిగా ఉంది. ఫోనులో ధర చూసుకుని, "అంతా బాగానే ఉంది కదా" అని ఒకరికొకరం ధైర్యం చెప్పుకున్నాం. మాకు తెలిసిన ఒకే ఒక్క కొలబద్ద అది. ఆ ఏడాది అది ఎందుకూ పనికిరాలేదు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో రిగ్గులను ఆపడం మొదలైంది. మొత్తం ఇరవైకి పైగా జాకప్‌ల ఒప్పందాలను పక్కన పెట్టారు. రద్దు కాదు, 'సస్పెన్షన్'. చాలా వాటికి ఏడాది వరకు గడువు. ఆ కాలమంతా రిగ్గు యజమానికి రోజువారీ అద్దె రాదు. అద్దె రానప్పుడు జీతాలు ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్నను ఎవరూ పైకి అడగలేదు.

ఇక వాట్సాప్‌లో జాబితాలు తిరగడం మొదలైంది. రిగ్గుల పేర్లు, పక్కన టిక్కులు, ఇంటూలు. పొద్దున వచ్చిన జాబితాలో మా పేరు ఉండేది, రాత్రికి వచ్చిన దాంట్లో ఉండేది కాదు. ఎవరు తయారు చేస్తారో తెలియదు కానీ, నమ్మకుండా ఉండటం ఎవరి వల్లా కాలేదు. నా వరకు జాబితాల కంటే క్యాంప్ బాసే నమ్మకమైన మనిషి. వంటగదికి సరుకులు తెప్పించేది అతనే. వచ్చే నెలకు కోడిగుడ్లు, బియ్యం తక్కువ రాస్తున్నాడంటే మనుషులు తగ్గుతారని అర్థం. ఏప్రిల్‌లో అతను బాస్మతి బస్తాలు సగానికి తగ్గించాడు. మేనేజరు మాత్రం భద్రతా సమావేశంలో, వదంతులను నమ్మవద్దని, పని మీద దృష్టి పెట్టమని అన్నాడు. దృష్టి తప్పితే వేళ్లు పోయే పని మాది. మాట నిజమే. కానీ వదంతి తప్పో ఒప్పో చెప్పకుండా దాన్ని నమ్మొద్దని చెప్పడం ఏం మర్యాదో నాకు అర్థం కాలేదు.

నెలాఖరుకు మా రిగ్గును బావి మీది నుంచి తప్పించి రేవు దగ్గరికి తెచ్చారు. "వార్మ్ స్టాక్ మాత్రమే, పిలుపు రాగానే పనిలోకి వెళ్తాం" అని ప్రకటించారు. అంటే ఒక జనరేటరు నడుస్తూ, కొద్దిమంది సిబ్బంది కాపు కాస్తూ రిగ్గును సిద్ధంగా ఉంచుతారన్నమాట. ఎలక్ట్రీషియన్ లేకుండా అది కుదరదు కాబట్టి నాలో కొంత ఆశ ఉండేది. అప్పుడు పని కాగితం చేతికి వచ్చింది. బావిలోకి బురద ద్రవాన్ని తోసే మడ్ పంపు మోటార్లలో కార్బన్ బ్రష్‌లు ఎత్తమని ఉంది అందులో.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఆ పాత డీసీ మోటార్ల లోపల రాగి పట్టీల చుట్ట ఒకటి తిరుగుతుంటుంది. దాని మీద స్ప్రింగుల ఒత్తిడితో కార్బన్ బ్రష్‌లు ఆనుకుని ఉంటాయి. మోటారు నెలల తరబడి కదలకుండా ఉంటే, బ్రష్ తగిలిన చోట తేమ చేరి రాగి మీద మచ్చ పడుతుంది. మళ్లీ తిప్పినప్పుడు అక్కడ నిప్పురవ్వలు లేస్తాయి. అందుకని దీర్ఘకాలం ఆపేటప్పుడు స్ప్రింగు పక్కకు తప్పించి, ఒక్కో బ్రష్‌ను గూటిలోంచి పైకి లాగి ఉంచుతారు. రెండు మూడు వారాల విరామానికి ఈ పని ఎవరూ చేయరు. కవరు విప్పి, బొగ్గు పొడి వేళ్లకు అంటుకుంటుండగా బ్రష్‌లన్నీ ఎత్తాను. లోపల స్పేస్ హీటరు వెచ్చగా ఉందో లేదో అరచేయి పెట్టి చూశాను. మెగ్గర్ అనే మీటరుతో, తీగల పూత ఎంత బాగుందో చెప్పే ఇన్సులేషన్ రీడింగ్ తీసి, మోటారు మీద సుద్దముక్కతో తేదీ వేశాను. ఆ తీరంలో గాలి తేమకు, హీటరు ఆగిందంటే వందల మెగాఓముల రీడింగ్ కొద్ది రోజుల్లోనే జారిపోతుంది. పక్కన టార్చి పట్టుకున్న కాకినాడ మెకానిక్, "మోటార్లకు హీటర్లు పెట్టారన్నా, మనకేం పెడతారో" అన్నాడు. కంపెనీ మాతో తాత్కాలికం అంటోంది, మోటార్లతో మాత్రం నిజం చెబుతోంది. ఏ మెయిల్ కంటే ముందే నాకు విషయం తెలిసిపోయింది. అయినా ఇంటికి వచ్చాక నెలల పాటు మెయిల్ కోసం ఎదురుచూశాను. తెలియడం, నమ్మడం ఒకటి కాదు.

మే నెల సెలవు ముగిసింది. మెయిల్ రాలేదు. ఇంకో వారం. రాలేదు. కంపెనీకి రాస్తే, "మీ క్రూ చేంజ్ వాయిదా పడింది, సమాచారం అందిస్తాం" అని రెండు ముక్కల జవాబు. ఆ జవాబులోని ప్రతి మాటనూ ఎన్ని రకాలుగా చదవవచ్చో అన్ని రకాలుగా చదివాను. 'వాయిదా' అన్నారు కాబట్టి రద్దు కాదు. 'మీ' అన్నారు కాబట్టి మిగతావాళ్లు వెళ్లారేమో. రాత్రి డ్యూటీల అలవాటుకు తెల్లవారుజామున రెండున్నరకే మెలకువ వచ్చేది. లేవగానే సౌదీ వాళ్ల ముఖీమ్ వెబ్‌సైటులో నా రీ-ఎంట్రీ వీసా (తిరిగి వెళ్లే వీసా) గడువు చూసుకునేవాణ్ని. నిన్నటి తేదీయే ఉంటుందని తెలుసు. అయినా చూడటం.

ఇంట్లో ఉన్న మనిషి నెల దాటినా కదలకపోతే ఊరికి వెంటనే తెలుస్తుంది. "ఇంకా వెళ్లలేదా సార్?" అని మొదట అడిగింది ఇస్త్రీ బండి అతను. తర్వాత పాలవాడు, పిల్లల బస్సు డ్రైవరు. మా ఆవిడ ఒకరోజు సూటిగానే అడిగింది: "అడిగినవాళ్లకు ఏం చెప్పమంటారు? మీరొకటి, నేనొకటి చెబితే బాగుండదు." రిగ్గు రిపేరులో ఉందని చెప్పమన్నాను. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ఊళ్లలో అయితే గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మనిషి కొత్త కాదు. ఏ కాగితం అడగాలి, ఏది సంతకం చేయకూడదు అని చెప్పేవాళ్లు వీధికి ఒకరుంటారు. మా వైపు చదువుకున్న పిల్లలు హైదరాబాద్‌కో అమెరికాకో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్తారు. పాలమూరు వాళ్లు వలస వెళ్లడం తరతరాలుగా ఉన్నదే కానీ, ఎక్కువగా దేశంలోని కట్టడాల పనులకే. సౌదీ చట్టం గురించి నల్లగొండలో ఎవరిని అడగాలో నాకు తెలియలేదు.

జూలైలో స్టాండ్‌బై ఉత్తరం, అంటే పిలిచేదాకా ఇంట్లోనే ఉండమనే ఉత్తరం, వచ్చింది. ఫలానా తేదీ నుంచి జీతం లేని సెలవుకు నేను 'స్వచ్ఛందంగా' ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసి మూడు రోజుల్లో పంపాలి. పంపకపోతే ఏమవుతుందో అందులో లేదు. మా పాత క్రేన్ ఆపరేటరు, 2016లో ఇలాంటిదే అనుభవించి కేరళ వెళ్లి స్థిరపడిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయనకు ఫోను చేశాను. సంతకం చేయాలా వద్దా అన్నదానికంటే ముందు ప్రశ్నలు రాసి పంపమన్నాడు. సౌదీ కార్మిక చట్టం 116వ అధికరణ చదవమన్నాడు. జీతం లేని సెలవు ఇరు పక్షాల అంగీకారంతోనే ఉండాలి. అది 20 రోజులు దాటితే, వేరే ఒప్పందం లేకపోతే, దాటిన కాలానికి ఉద్యోగ ఒప్పందం నిలిచిపోయినట్టే లెక్క. అంటే ఆ కాలం నా సర్వీసులోకి రాదు.

నాలుగు ప్రశ్నలు మెయిల్ చేశాను. ఈ సెలవు ఎప్పటివరకు? ఈ కాలం గ్రాట్యుటీకి లెక్కలోకి వస్తుందా? నా ఇఖామా (సౌదీలో ఉండే అనుమతి), రీ-ఎంట్రీ గడువు పెంచే బాధ్యత ఎవరిది? మధ్యలో వేరే చోట పని దొరికితే చేసుకోవచ్చా? మూడో ప్రశ్నకు మాత్రమే జవాబు వచ్చింది, కంపెనీ పెంచుతుందని. నాలుగో ప్రశ్నకు జవాబు రాకపోవడమే అసలు బాధ. జీతం ఇవ్వరు, వదిలిపెట్టరు. వేరే చోట చేరితే నేనే మానుకున్నట్టు అవుతుంది, గ్రాట్యుటీ తగ్గుతుంది. ముగింపు తేదీ రాయనిదే సంతకం చేయలేనని మర్యాదగా జవాబిచ్చాను. వాళ్లు ఏమీ అనలేదు. జీతం మాత్రం ఆగిపోయింది.

నా పరిస్థితే నయమనిపించినవాడు మక్తల్ వైపు వెల్డరు. అదే రిగ్గు మీద పని, అదే బంకు, కానీ కంపెనీ మనిషి కాదు, మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ మనిషి. అతనికి ఉత్తరం కూడా రాలేదు. "ఇక రానక్కర్లేదన్నా, సామాను తర్వాత పంపుతాం అన్నారు" అని ఫోనులో చెప్పి నవ్వాడు. నాలుగేళ్లు పనిచేశాడు, చేతిలో సర్వీసు సర్టిఫికెట్ లేదు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. ఒప్పందం కాపీ, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్లు, రిగ్గు మీది గుర్తింపు కార్డు ఫొటో జత చేశాం. చాలా నెలల తర్వాత కొంత డబ్బు వచ్చింది. పూర్తిగా రాలేదు.

ఈలోగా ఏజెంట్ల ఫోన్లు. పని పోయినవాళ్ల నంబర్లు వీళ్లకు ఎలా చేరతాయో గానీ, ఖతర్‌లో రిగ్గు, కువైట్‌లో రిగ్గు, లక్షన్నర కడితే వీసా అని. మన దేశంలో రిజిస్టరు అయిన ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఏజెంటు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈమైగ్రేట్ సైటులోనే చూడవచ్చు. లైసెన్సు నంబరు అడగ్గానే సగం ఫోన్లు ఆగిపోయాయి. మిగతా సగం మంది నంబరు చెప్పారు, అది ఇంకెవరిదో.

దామరచర్ల దగ్గర వీర్లపాలెంలో అప్పుడు కడుతున్న యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికీ వెళ్లి వచ్చాను. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు. అక్కడ పనిచేస్తున్న ఒక కాంట్రాక్టరు మనిషి నా సర్టిఫికెట్లు తిరగేసి, "ఇంత అనుభవం ఉన్నవాళ్లు మా దగ్గర నిలబడరండీ" అన్నాడు. చెప్పిన జీతం నా రిగ్గు జీతంలో ఐదో వంతు. కాదనలేదు, ఆలోచించి చెబుతానన్నాను. తిరుగు దారిలో మిర్యాలగూడలో టీ తాగుతూ ఇంటి అప్పు వాయిదాను, ఆ జీతాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే వాయిదాయే పెద్దదని తేలింది.

ఆ రోజుల్లోనే తలనొప్పి వస్తోందని బీపీ చూపించుకుంటే ఎక్కువగా ఉంది. మాత్రలు రాశారు. ఇందులో ఒక మెలిక ఉంది. రిగ్గు మీదికి వెళ్లాలంటే వైద్య పరీక్ష పాసవ్వాలి. బీపీ అదుపులో లేకపోతే పంపరు. ఉద్యోగం పోతుందన్న దిగులు బీపీని పెంచుతుంది, పెరిగిన బీపీ తర్వాతి ఉద్యోగానికి అడ్డుపడుతుంది. డాక్టరు గారు నన్ను దిగులు పడొద్దన్నారు. సరేనన్నాను.

అక్టోబరులో తొలగింపు ఉత్తరం వచ్చింది. ఒక పేజీ. చదివాక నాకు ముందు ఆకలి వేసింది. ఎన్నో నెలల తర్వాత నిజంగా ఆకలి. "ఏముంది మెయిల్‌లో?" అని మా ఆవిడ అడిగితే ఫోను తన చేతికిచ్చాను. మొత్తం చదివి, "సరే, ఇక లెక్కలు చూడండి" అంది. ఈ మనిషి ఆర్నెల్లుగా ఈ మాట కోసమే కాచుకుని ఉందని అప్పుడు తెలిసింది.

లెక్కలు చూశాను. సౌదీ చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల వేతనం, ఆపైన ప్రతి ఏడాదికి ఒక నెల వేతనం సర్వీసు ముగింపు ప్రయోజనంగా ఇవ్వాలి. నాకు ఏడేళ్లు కాబట్టి రెండున్నర, రెండు కలిపి నాలుగున్నర నెలలు. యజమానే ఒప్పందం ముగిస్తే వారంలోగా చెల్లించాలి. వారం దాటింది సరే, వచ్చిన కాగితంలో నెల వేతనం చిన్నదిగా కనిపించింది. వాళ్లు మూల వేతనం మీద కట్టారు. చట్టం చెప్పేది చివరి వేతనం మీద. స్థిరంగా ఇచ్చే అలవెన్సులు అందులో భాగం. మా పాత సిబ్బంది గ్రూపులో అందరం మా కాగితాలు పోల్చుకుంటే అందరికీ ఇదే తంతు. గొడవపడలేదు. ఏడేళ్ల జీతం స్లిప్పుల్లో ప్రతి నెలా అదే అలవెన్సు వచ్చినట్టు చూపించే పేజీలు వరుసగా పెట్టి, కింద నా లెక్క వేసి పంపాను. రెండుసార్లు గుర్తు చేశాక సవరించిన కాగితం వచ్చింది. ఆ స్లిప్పులను ప్రతి నెలా నా సొంత మెయిల్‌కు పంపుకోవడం నాకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. కంపెనీ మెయిల్ మాత్రమే వాడినవాళ్లకు ఉత్తరం వచ్చిన రోజే లాగిన్ మూసుకుపోయింది.

అంతా అయిందనుకుంటే ఆదాయపు పన్ను మిగిలింది. దీని గురించి మాలో ఎవరూ మాట్లాడుకోరు. రొటేషన్ మీద పనిచేసేవాళ్లు ఏటా పాస్‌పోర్టు ముద్రలు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. ఆర్థిక సంవత్సరంలో మన దేశంలో 182 రోజులు నిండకుండా ఉంటే నాన్ రెసిడెంట్. విదేశంలో సంపాదించిన జీతం మీద ఇక్కడ పన్ను పడదు. స్టాండ్‌బై పేరుతో ఇంట్లో కూర్చున్న ఏడాది ఆ గీత దాటిపోయింది. క్లాక్ టవర్ దగ్గర మా ఆడిటరు గారు ముద్రలన్నీ చూసి, "ఈ ఏడాది మీరు రెసిడెంటేనండీ" అన్నారు. పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంటుగా ఉంటే ఒక వెసులుబాటు ఉందట, నాకు ఏడేళ్లే. అంటే ఏప్రిల్ నుంచి వచ్చిన జీతాలు, సెటిల్‌మెంట్ డబ్బు అన్నీ ఇక్కడి రిటర్నులో చూపించాలి. సౌదీ బ్యాంకు ఖాతా వివరాలు రాయాలి. విదేశాల్లో ఉండేవాళ్ల కోసం ఉండే ఎన్ఆర్ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్చాలి. పని ఇవ్వకుండా ఇంట్లో కూర్చోబెట్టింది వాళ్లు, కూర్చున్నందుకు పన్ను కట్టింది నేను. చట్టం తప్పని అనను. కానీ స్టాండ్‌బై ఉత్తరం ఇచ్చే కంపెనీలు ఈ ఒక్క వాక్యమైనా అందులో రాయవచ్చు.

2025లో పెద్ద చమురు కంపెనీలు ఉద్యోగాల కోతలు ప్రకటించాయి. బ్రిటన్ చమురు కంపెనీ బీపీ 4,700 మంది సొంత సిబ్బంది, 3,000 మంది కాంట్రాక్టు సిబ్బంది అంది. షెవ్రాన్ 2026 చివరికల్లా 20 శాతం వరకు అంది. ఆ అంకెలు చూసి మా గ్రూపులో ఒకతను, "కనీసం వాళ్లకు చెప్పారు" అని రాశాడు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఐదుగురిలో ఒకరు అని చెప్పి ఆ ఒకరెవరో చెప్పకపోతే ఐదుగురూ నాలాగే తెల్లవారుజామున లేచి కూర్చుంటారు. కావాల్సింది పేరు, తేదీ. మా మేనేజరు దగ్గర ఆ రెండూ ఏప్రిల్‌లోనే ఉన్నాయని నా నమ్మకం. బ్రష్‌లు ఎత్తమన్న కాగితం మీద సంతకం అతనిదే.

ముంబైలో నీటిలో మునిగిన హెలికాప్టరు నుంచి బయటపడే శిక్షణ మళ్లీ తీసుకున్నాను. నాలుగేళ్లకోసారి తప్పదు. సీటుకు కట్టేసి, కొలనులో తలకిందులుగా తిప్పుతారు; కిటికీ తోసుకుని పైకి రావాలి. బెల్టు విప్పబోయి రెండు క్షణాలు తడబడ్డాను, వయసు తెలిసింది. బీపీ కూడా దారికి వచ్చింది. 2025 మొదట్లో పడమటి తీరంలో ఒక జాకప్ మీద చేరాను. జీతం పాతదానిలో సగం కంటే తక్కువ. పన్ను ముందే పట్టుకుని ఇస్తారు కాబట్టి ముద్రలు లెక్కపెట్టే పని లేదు. ప్లాటు అమ్మి ఇంటి అప్పు సగం తీర్చాం. ఇస్త్రీ బండి అతను ఇప్పుడు "ఈసారి ముంబైనా సార్?" అని అడుగుతాడు.

2025 చివర్లో, ఆగిన రిగ్గుల్లో కొన్నింటిని తిరిగి పనిలోకి పిలుస్తున్నారన్న వార్తలు వచ్చాయి. కొద్ది రోజులకే పాత కంపెనీ నుంచి మెయిల్: అందుబాటులో ఉన్నారా, ఎంత త్వరగా రాగలరు? అంతకుముందు నాలుగు ప్రశ్నల్లో మూడింటికి జవాబే ఇవ్వనివాళ్లు నా జవాబు రెండు రోజుల్లో కావాలన్నారు. ఒకే ఒక్క ప్రశ్న రాసి పంపాను. రిగ్గు మళ్లీ ఆగితే స్టాండ్‌బై కాలానికి ఎంత శాతం జీతం ఇస్తారు, అది ఒప్పందంలో రాస్తారా? మర్నాడే జవాబు వచ్చింది. అలాంటి నిబంధన లేదట. నేను ముంబైలోనే ఉన్నాను.